మొగ దగ్గరే ఎందుకు ఆగుతుంది?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బంగాళాఖాతంలో మర బోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి 61 రోజులు వేట ఆపిస్తారు. 2015కు ముందు ఇది 47 రోజులే. ఆ రెండు నెలలూ బందరు పక్కన గిలకలదిండి రేవులోనూ, కృష్ణకు కుడివైపున ఉన్న నిజాంపట్నం రేవులోనూ బోట్లు ఒకదాన్నొకటి ఆనుకుని కట్టేసి ఉంటాయి. వలలు బాగుచేసుకుంటారు, చెక్కకు రంగులు వేస్తారు, ఇంజన్లు విప్పి బిగిస్తారు. జూన్ రెండో వారానికల్లా రేవంతా ఇంజన్ల దగ్గులే. కొన్ని ఒక్క సెల్ఫుకే అందుకుంటాయి. కొన్ని తెల్లపొగ కక్కి మొండికేస్తాయి. అప్పుడు పక్క బోటు బ్యాటరీ నుంచి వైర్లు లాగుతారు, మెకానిక్కు కబురు పెడతారు, తిట్టుకుంటారు.

నడిచే ఇంజన్ అరిగిపోతుంది, ఊరికే ఉన్నది భద్రంగా ఉంటుంది అని మనకు తోస్తుంది. పడవ ఇంజన్ దగ్గర ఈ లెక్క చాలావరకు తప్పు. సరైన వేడి మీద, సరైన భారంతో, శుభ్రమైన డీజిలు తాగుతూ ఆడే ఇంజన్‌కు వచ్చే కష్టం తక్కువ. దాని ఆయుష్షును తినేసేవి మొదలయ్యే క్షణాలు, ఆగే నిమిషాలు, ఆ రెంటి మధ్య కదలకుండా పడి ఉన్న రోజులు. ఈ అధ్యాయం వాటి గురించే.

ముందు మొదలవడం సంగతి. పెట్రోలు ఇంజన్‌లో ప్లగ్గు ఉంటుంది, అది నిప్పురవ్వ వేస్తుంది. డీజిల్ ఇంజన్‌లో ప్లగ్గు లేదు, రవ్వా లేదు. ఉన్నది గాలి ఒక్కటే. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు వేడెక్కడం మనందరికీ తెలుసు. డీజిల్ ఇంజన్ అదే పనిని మొండిగా చేస్తుంది. పిస్టన్ పైకి వచ్చేసరికి సిలిండర్‌లో గాలి సుమారు 17వ వంతుకు కుదించుకుపోతుంది. పీడనం వాతావరణ పీడనానికి 40 రెట్లు దాటుతుంది. 30 డిగ్రీల గాలి లెక్క ప్రకారం 500 డిగ్రీలు దాటి కాగుతుంది. డీజిలు తనంతట తాను అంటుకోవడానికి 250 డిగ్రీల లోపు వేడే చాలు. ఆ క్షణంలో నాజిల్ నుంచి డీజిలు మంచులా చిమ్మితే అంటించకుండానే అంటుకుంటుంది.

జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ ఈ పద్ధతిని 1897లో నిలబెట్టి చూపించాడు. ఆ ఇంజన్ ఇంధనంలోని శక్తిలో 26 శాతాన్ని పనిగా మార్చింది. అప్పటి ఆవిరి ఇంజన్లు చాలావరకు అందులో సగం కూడా చేయలేకపోయేవి. 1912లో సెలాండియా అనే డెన్మార్క్ ఓడ డీజిల్ ఇంజన్లతో కోపెన్‌హాగెన్ నుంచి బ్యాంకాక్ దాకా వెళ్లింది. ఆ మరుసటి ఏడు, 1913 సెప్టెంబర్ 29 రాత్రి, ఇంగ్లండు వెళ్తున్న స్టీమరు మీద నుంచి డీజిల్ మాయమయ్యాడు. తరవాత శవం దొరికింది. తన ఇంజన్ సముద్రాలన్నీ ఆక్రమించడాన్ని ఆయన చూడలేదు.

గాలిని నొక్కితే వేడెక్కుతుందన్న సూత్రం సులభమే. చిక్కంతా ఎంత వేగంగా నొక్కుతామన్నదాంట్లో ఉంది. నెమ్మదిగా నొక్కితే పుట్టిన వేడి చల్లటి సిలిండర్ గోడలకు పోతుంది, నొక్కిన గాలి పిస్టన్ రింగుల సందుల్లోంచి జారిపోతుంది. అందుకే బ్యాటరీ దిగిపోయి స్టార్టర్ మూలుగుతున్నప్పుడు ఎన్నిసార్లు సెల్ఫు కొట్టినా లాభం లేదు. ఇంజన్ తిరుగుతున్నట్టే ఉంటుంది, లోపల గాలి మాత్రం కాగదు. చిమ్మిన డీజిలు అంటుకోకుండా ఆవిరై పొగగొట్టంలోంచి పోతుంది. ఆ తెల్లపొగ కాలని డీజిలే. తెల్లపొగ వస్తోందంటే డీజిలు అందుతోందని ఒక మంచి కబురు, వేడి చాలడం లేదని ఒక చెడ్డ కబురు.

ఇక్కడ మన ఎండలు మనకు చేసే మేలొకటి చెప్పాలి. సున్నా డిగ్రీల చలిలో గాలిని 17వ వంతుకు నొక్కితే వేడి దాదాపు 460 డిగ్రీల దగ్గర ఆగుతుంది. బెజవాడ మే నెల 45 డిగ్రీల గాలిని అంతే నొక్కితే 580 దాటుతుంది. మొదట్లో ఉన్న 45 డిగ్రీల తేడా చివరికి 120 డిగ్రీలైంది. చలిదేశాల్లో చాలా ఇంజన్లకు గాలిని ముందుగా కాచే గ్లో ప్లగ్గులు అవసరం. కృష్ణా డెల్టాలో అవి లేకుండానే బండి నడిచిపోతుంది. ఉక్కపోతకు వందనం చేయదగ్గ సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే.

పొలాల్లో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్ చూసినవాళ్లకు హ్యాండిల్ సంగతి చెప్పనక్కర్లేదు. పుణేలో 1946లో పెట్టిన ఆ కంపెనీ పేరు మన పల్లెల్లో ఆయిల్ ఇంజన్‌కే పేరైపోయింది. కాలవగట్ల మీద నీళ్లు తోడిన ఆ ఒంటి సిలిండర్ రకమే పడవల్లోకీ దిగింది. ఫైబర్ బోటు వెనక ఒంటి సిలిండర్ ఇంజన్, దానికో పొడుగాటి రాడ్డు, రాడ్డు చివర ఫ్యాను, అంటే ప్రొపెల్లర్. సెల్ఫు లేని రకాన్ని చేత్తోనే లేపాలి. మనిషి చెయ్యి 40 రెట్ల పీడనాన్ని ఎలా నొక్కుతుంది? నొక్కదు. తల మీద చిన్న లివర్ ఉంటుంది. దాన్ని ఎత్తితే ఎగ్జాస్ట్ వాల్వు కొంచెం తెరుచుకునే ఉంటుంది, గాలి నొక్కుకోకుండా బయటికి పోతుంది. అలా తేలిగ్గా తిప్పుతూ బరువైన ఫ్లైవీల్‌కు వేగం పట్టిస్తారు. వేగం రెట్టింపైతే చక్రంలో దాగిన శక్తి నాలుగింతలు. బాగా ఊపందుకున్నాక లివర్ ఠక్కున వదిలేస్తారు. వాల్వు మూసుకుంటుంది. చక్రంలో దాగిన శక్తంతా ఒక్క నొక్కుడుకు ఖర్చవుతుంది. ఆ ఒక్కటీ అంటుకుంటే చాలు, తక్కినవి ఇంజనే చూసుకుంటుంది.

హ్యాండిల్ పట్టేవాడి బొటనవేలు చూడండి. తెలిసినవాడు బొటనవేలిని హ్యాండిల్ చుట్టూ బిగించడు, తక్కిన నాలుగు వేళ్ల పక్కనే ఉంచుతాడు. పిస్టన్ పైకి చేరకముందే డీజిలు అంటుకుంటే హ్యాండిల్ ఒక్కసారి వెనక్కి తంతుంది. చుట్టూ బిగించిన బొటనవేలు ఆ తన్నుకు విరుగుతుంది. ఇది పుస్తకాల కంటే ముందు చేతులు నేర్చుకున్న భౌతికశాస్త్రం.

ఇప్పుడు 61 రోజుల సంగతికి వద్దాం. క్రాంక్ షాఫ్టు బేరింగుల మీద తిరుగుతుందని మాట వరసకు అంటాం. నిజానికి అది తిరిగేది ఆయిలు పొర మీద. షాఫ్టు వేగంగా తిరుగుతున్నప్పుడు ఆయిలును తనతోపాటు సందులోకి లాక్కుని దాని మీద తేలుతుంది. కొద్ది మైక్రాన్ల మందం ఉండే ఆ పొర ఉన్నంతసేపూ ఇనుము ఇనుముకు తగలదు, అరుగుదల లేదు. ఇంజన్ ఆపగానే షాఫ్టు కిందికి దిగి బేరింగు మీద కూర్చుంటుంది. రెండు నెలలు అలాగే ఉంటే పొరలో మిగిలిన ఆయిలు కూడా కారిపోతుంది. సిలిండర్ గోడల మీది ఆయిలు దిగిపోయి, ఉప్పు గాలి తేమ తగిలి సన్నని తుప్పు పడుతుంది. అలాంటి ఇంజన్‌ను జూన్ 15 తెల్లవారుజామున ఒక్కసారిగా లేపి, లేచిందన్న సంబరంలో రేస్ ఇస్తే, పంపు పైదాకా ఆయిలు తోడే లోపే బేరింగుల మీద గీతలు పడతాయి.

చేయవలసింది పెద్ద విద్యేమీ కాదు. స్టాప్ లివర్ లాగిపట్టి, అంటే డీజిలు అందకుండా చేసి, సెల్ఫును కొద్ది సెకన్ల చొప్పున రెండు మూడుసార్లు తిప్పాలి. ఆయిల్ గేజీ ముల్లు కదిలాకే స్టాప్ వదలాలి. లేచాక కొన్ని నిమిషాలు ఐడిల్ కంటే కాస్త ఎక్కువ వేగంలో ఆడనిచ్చి, ఆ తర్వాతే గేరు వేయాలి. కొందరు తొందరకు ఎయిర్ క్లీనర్ దగ్గర పెట్రోలులో తడిపిన గుడ్డ పెడతారు. పెట్రోలు ఆవిరి గాలితోపాటే లోపలికి పోయి, పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే పేలుతుంది. ఇంజన్ లేస్తుంది, రింగులు విరుగుతాయి. ఈ వైద్యం మానుకోవడం మంచిది.

పర్యాటక లాంచీల వాళ్లకు ఇంకో హెచ్చరిక ఉంది. కొన్ని ఇంజన్లలో పొగగొట్టం చల్లబడటానికి బయటి నీటిని అందులోకే వదులుతారు. ఇంజన్ ఆడుతున్నప్పుడు ఆ నీటిని పొగ బయటికి నెట్టేస్తుంది. ఇంజన్ లేవకుండా సెల్ఫు మాత్రం పదే పదే కొడుతుంటే నీటి పంపు తోడుతూనే ఉంటుంది, నెట్టడానికి పొగ ఉండదు. సైలెన్సర్ నిండి నీళ్లు వెనక్కి సిలిండర్‌లోకి వస్తాయి. గాలి నొక్కుకుంటుంది గానీ నీరు నొక్కుకోదు. తరవాతి సెల్ఫుకు కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఎక్కువసేపు సెల్ఫు కొట్టాల్సివస్తే అడుగున నీటి వాల్వు మూసి కొట్టాలి, లేవగానే తెరవాలి. తెరవడం మరిచిపోతే అది వేరే కథ.

ఇక డీజిలు. మన తీరంలో పెద్ద మర బోట్లలో ఆరు సిలిండర్ల ఇంజన్లు, లారీల్లో తిరిగే అశోక్ లేలాండ్ ఇంజన్ల మెరైన్ రూపాలు, తరచుగా కనిపిస్తాయి. 100 హార్సుపవర్ ఇంజన్ నిమిషానికి 1500 చుట్లు తిరుగుతూ పూర్తి భారంతో గంటకు సుమారు 19 లీటర్లు తాగుతుందనుకుందాం. రెండు చుట్లకొకసారి చొప్పున ఆరు సిలిండర్లలో నిమిషానికి 4,500 సార్లు డీజిలు చిమ్మాలి. భాగించి చూస్తే ఒక్కో చిమ్ముకు 0.07 మిల్లీలీటర్లు, అంటే ఒక చుక్క కంటే కొంచెం ఎక్కువ. దాన్ని సుమారు మూడు మిల్లీసెకన్లలో, పాతరకం నాజిల్‌లోనైనా వాతావరణ పీడనానికి 200 రెట్ల ఒత్తిడితో, ఎప్పుడు వేయాలో సరిగ్గా అప్పుడే వేయాలి. వేసే ప్లంజర్ తన గూట్లో ఒకటి రెండు మైక్రాన్ల సందుతో కదులుతుంది. ఇంత నాజూకు పని చేసే పంపులోకి ఒక ఇసుక రేణువో, నీటి బొట్టో వస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

గాలి బుడగ వస్తే జరిగేది ఇంకా విచిత్రం. ఏమీ పాడవదు, ఇంజన్ మాత్రం ఆగిపోతుంది. ప్లంజర్ నొక్కినప్పుడు డీజిలు కుదించుకోదు కాబట్టి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి నాజిల్ తెరుచుకుంటుంది. మధ్యలో బుడగ ఉంటే ప్లంజర్ కదలికంతా బుడగను నొక్కడానికే సరిపోతుంది. నాజిల్ దాకా ఒత్తిడి చేరదు. డ్రైవర్లు దీన్నే ఎయిర్ పట్టిందంటారు. విరుగుడు తేలిక. ఫిల్టర్ మీద ఉన్న చిన్న స్క్రూను సగం చుట్టు వదులు చేసి, చేతిపంపు మీటను వేలితో నొక్కుతూ పోతే ముందు నురగ వస్తుంది, తరవాత బుడబుడమంటూ డీజిలు వస్తుంది, చివరికి బుడగల్లేని సన్నటి ధార వస్తుంది. అప్పుడు మీట నొక్కుతూనే స్క్రూ బిగించాలి. తరవాత ఇంజక్షన్ పంపు దగ్గరా ఇదే. అప్పటికీ లేవకపోతే నాజిల్ పైపుల నట్లు వదులు చేసి సెల్ఫు కొట్టి అక్కడి గాలి కూడా తీస్తారు. రేవులో నిలబడి చేస్తే పది నిమిషాల పని. చీకట్లో, అలల మీద, వేడి ఇంజన్ పక్కన చేస్తే సంగతి వేరు.

చిత్రమేమిటంటే ఇంజన్ చాలాసార్లు ఆగేది సరిగ్గా అలాంటి చోటే, మొగ దగ్గరే. ఏరు సముద్రంలో కలిసే చోటును మన తీరంలో మొగ అంటారు. గిలకలదిండిలో మొగ దగ్గర ఇసుక మేట వేస్తుంది, లోతు తగ్గుతుంది, బోట్లు పోటు కోసం కాచుకుని దాటుతాయి. లోతు తక్కువైన చోట అలలు నిటారుగా లేచి విరుగుతాయి. ఇంజన్ ఆగకూడని చోటు తీరం మొత్తంలో ఏదైనా ఉంటే ఇదే. రోజంతా నడిసంద్రంలో బుద్ధిగా ఆడిన ఇంజన్ మొగలో తల వాల్చిందంటే జనం దిష్టి అంటారు, గంగమ్మకు మొక్కు బాకీ ఉందంటారు. మొక్కు తీర్చడం మంచిదే. కానీ టాంకీ అడుగున చూడటం ఇంకా మంచిది.

నెలల తరబడి క్యాన్లతో, డ్రమ్ములతో పోసిన డీజిలుతో వచ్చిన మట్టి, తుప్పు పొట్టు టాంకీ అడుగున పేరుకుంటాయి. సగం ఖాళీ టాంకీలో రాత్రి చల్లబడ్డ గాలి తేమను చెమటలా కార్చి నీటి పొరను చేరుస్తుంది. డీజిలు కంటే నీరు బరువు, అందుకే అడుగున చేరుతుంది. నీరూ డీజిలూ కలిసే గీత దగ్గర సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు కడతాయి. సముద్రం నెమ్మదిగా ఉన్నంతసేపూ ఈ మడ్డి కదలదు. ఇంజన్ ఆ మడ్డి పైన ఉన్న శుభ్రమైన డీజిలునే తాగుతుంది. మొగలో అలలు బోటును పైకీ కిందికీ విసిరేసరికి మడ్డంతా లేచి కలుస్తుంది. నెలల చెత్త ఒక్కసారిగా ఫిల్టర్ మీద పడి దాన్ని మూసేస్తుంది. డీజిలు చాలదు, ఇంజన్ రొప్పుతుంది, ఆగుతుంది. టాంకీలో డీజిలు అడుగంటి ఉంటే ఇంకో ప్రమాదం. బోటు ఒక పక్కకు ఒరిగినప్పుడు పైపు నోరు డీజిలు విడిచి గాలి పీలుస్తుంది. తిరుగు ప్రయాణంలో టాంకీ సహజంగానే ఖాళీగా ఉంటుంది. మొగ వచ్చేదీ తిరుగు ప్రయాణం చివరే. దిష్టి మీద నింద వేయడానికి ఇక మిగిలింది కొంచెమే.

వేట ఆపి బోటు కట్టేసేటప్పుడు డబ్బు మిగులుతుందని టాంకీ ఖాళీగా వదిలేయడం చాలామంది చేసే పని. నింపి వదిలేస్తే తేమ చేరడానికి చోటుండదు. ఫిల్టర్ కింద నీరు చేరే గిన్నె మర రోజూ తిప్పి, డీజిలు వచ్చేదాకా నీరు వదిలేయాలి. అన్నిటికంటే ముఖ్యం జంట ఫిల్టర్. ఒకటి మూసుకుపోతే మర తిప్పి రెండోదాని మీదికి మారవచ్చు, ఇంజన్ ఆపక్కర్లేదు.

నడుస్తున్న ఇంజన్‌కు నీటితో ఉన్న పేచీ కూడా చెప్పుకోవాలి. డీజిలు ఇచ్చే శక్తిలో స్థూలంగా మూడో వంతే ఫ్యాను దాకా వెళ్తుంది. ఇంకో మూడో వంతు పొగతో పోతుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగాన్ని నీరు మోసుకుపోవాలి. లారీకి రేడియేటర్ ఉంది, ఎదురుగాలి ఉంది. పడవకు చుట్టూ నీరే కదా అనుకుంటాం, ఆ నీరే ఇబ్బంది. సముద్రపు నీటిని నేరుగా ఇంజన్‌లో తిప్పితే 55 డిగ్రీలు దాటకూడదు. దాటితే లవణాలు గట్టిపడి గొట్టాల లోపల పొలుసు కడతాయి. కానీ 55 డిగ్రీల దగ్గర ఇంజన్‌కు అది చలి కిందే లెక్క, ఆయిలులో తేమ చేరి మడ్డి కడుతుంది. అందుకే లోపల మంచినీటిని 80 డిగ్రీల దగ్గర తిప్పుతూ, దాని వేడిని బయటి నీటికి అప్పగించే ఏర్పాటు వచ్చింది. బోటు అడుగున బయట గొట్టాలు బిగించి వాటిలోంచి ఆ మంచినీటిని పోనిచ్చే పద్ధతీ ఉంది. బురద ఏరుల్లో తిరిగే బోట్లకు నా ఓటు దీనికే. ఒండ్రు లోపలికి రాదు, నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్ అరగదు. ప్రకాశం బ్యారేజీ పైన, బెర్మ్ పార్కు నుంచి భవానీ ద్వీపానికి తిరిగే లాంచీలకు ఉప్పు బాధ లేదు గానీ గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు నీటి జల్లెడకు అడ్డం పడతాయి. పొగగొట్టం నుంచి నీరు రావడం సన్నబడిందా అని సరంగు అప్పుడప్పుడూ వెనక్కి తొంగి చూసేది ఇందుకే.

వేగం గురించి ఒక్క లెక్క. నీటిలో ఫ్యాను తిప్పడానికి కావలసిన శక్తి చుట్ల వేగానికి ఘనంగా పెరుగుతుంది. 1500 చుట్లను 1350కి తగ్గిస్తే, అంటే పదో వంతు తగ్గిస్తే, శక్తి 27 శాతం తగ్గుతుంది. 19 లీటర్లు తాగేది 14 దగ్గరికి వస్తుంది. ప్రయాణం కాస్త పొడుగవుతుంది కాబట్టి దూరం లెక్కన మిగిలేది 19 శాతం. వల లాగేటప్పుడు ఈ లెక్క వేరు. వేటకు వెళ్లేటప్పుడూ, వచ్చేటప్పుడూ మాత్రం ఇదే లెక్క. పోటీ పడి రేవు చేరడానికి తగలేసే డీజిలు చేపల ధరలో తిరిగి రాదు.

అయితే తక్కువ వేగమంటే గంటల తరబడి ఐడిల్‌లో ఆడించడమని కాదు. భారం లేని ఇంజన్ లోపల వేడి చాలదు, రింగులు గోడకు గట్టిగా ఒత్తుకోవు, కాలని డీజిలు, ఆయిలు కలిసి సిలిండర్ గోడల మీద అద్దంలా పూత కడతాయి. ఆ తరవాత ఆయిలు తాగడం మొదలుపెడుతుంది, నీలం పొగ వస్తుంది. నల్లపొగ దీనికి వ్యతిరేకం. భారం ఎక్కువై డీజిలుకు తగినంత గాలి అందడం లేదని అర్థం. ఫ్యానుకు వల ముక్కో తాడో చుట్టుకున్నా నల్లపొగే వస్తుంది.

ఇక ఆపడం. పాతరకం డీజిల్ ఇంజన్ ఒకసారి లేచాక దానికి కరెంటు అక్కర్లేదు. కీ తీసి జేబులో వేసుకున్నా, బ్యాటరీ విప్పి ఒడ్డున పెట్టినా ఆడుతూనే ఉంటుంది. రవ్వే లేనప్పుడు రవ్వ ఆపడం ఎక్కడ? దాన్ని ఆపాలంటే డీజిలు ఆపాలి. స్టాప్ లివర్ లాగితే పంపులోని రాక్ జరిగి చిమ్మే పరిమాణం సున్నా అవుతుంది. ఇంజన్ ఆడుతుండగా బ్యాటరీ విప్పడం మాత్రం తప్పు. ఆల్టర్నేటర్‌లో పుట్టే కరెంటుకు పోయే దారి లేక డయోడ్లు కాలిపోతాయి. ఎలక్ట్రానిక్ కంట్రోలుతో వచ్చే కొత్త ఇంజన్ల సంగతి వేరు, వాటికి కరెంటు పోతే ఊపిరి పోయినట్టే.

పూర్తి భారం మీద ఆడి వచ్చిన ఇంజన్‌ను రేవు తగలగానే ఠక్కున ఆపేయకూడదు. టర్బో ఉన్న ఇంజన్‌లో, పొగ తోపుతో సిలిండర్లలోకి గాలిని నెట్టే దాని చిన్న చక్రం నిమిషానికి వేల వేల చుట్లు తిరుగుతూ, పొగ వేడికి ఎర్రబారి ఉంటుంది. ఇంజన్ ఆగగానే ఆయిల్ పంపు ఆగుతుంది. చక్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది, దాని బేరింగులో మిగిలిన ఆయిలు మాడి బొగ్గవుతుంది. నీటి పంపూ ఆగుతుంది కాబట్టి హెడ్డులోని వేడి పోయే దారి లేక గ్యాస్కెట్ మీద పడుతుంది. మూడు నుంచి ఐదు నిమిషాల ఐడిల్ చాలు. బోటు కట్టేసి, తాడు బిగించి, చేపల బుట్టలు అందించే లోపు ఆ నిమిషాలు ఎలాగూ గడిచిపోతాయి.

ఆపినా ఆగని ఇంజన్ కూడా ఉంటుంది. టర్బో సీలు పోయి ఇంజన్ ఆయిలే గాలితోపాటు సిలిండర్‌లోకి వస్తే ఇంజన్ దాన్నే తాగి వేగం పెంచుకుంటుంది. డీజిలు ఆపినా లాభం లేదు, వేగాన్ని అదుపు చేసే గవర్నర్ మాట వినదు, చివరికి ముక్కలవుతుంది. అప్పుడు ఆపగలిగేది గాలిని మూయడం ఒక్కటే. గాలి పీల్చే నోటి మీద చెక్క పలక గట్టిగా అదమాలి. చెయ్యి అడ్డం పెట్టకూడదు, ఆ పీల్చుడు చేతిని వదలదు.

బందరు దగ్గర కొత్త ఓడరేవు కడుతున్నారు కాబట్టి పెద్ద ఓడ ఇంజన్ గురించీ ఒక మాట. 2006లో నీటికి దిగిన ఎమ్మా మెర్స్క్ ఇంజన్‌కు 14 సిలిండర్లు, ఒక్కో సిలిండర్ దాదాపు మీటరు వెడల్పు, శక్తి లక్ష హార్సుపవర్ పైన. అలాంటి వాటిని సెల్ఫుతో తిప్పలేరు. వాతావరణ పీడనానికి 30 రెట్ల ఒత్తిడితో నిల్వ ఉంచిన గాలిని సిలిండర్లలోకి వదిలి పిస్టన్లను తోస్తారు. చాలా పెద్ద ఓడల్లో గేర్ బాక్సు ఉండదు. వెనక్కి వెళ్లాలంటే ఇంజన్ పూర్తిగా ఆపి, మళ్లీ ఎదురు దిక్కులో లేపాలి. అందుకే గాలి టాంకీలు మళ్లీ నింపకుండా వరసగా 12 సార్లు లేపగలిగేంత గాలి నిల్వ ఉండాలని నిబంధన. రేవులోకి వచ్చేటప్పుడు కెప్టెన్ ముందుకు, ఆపు, వెనక్కి అని మాటిమాటికీ చెప్పినప్పుడల్లా ఆ నిల్వ తరిగిపోతుంది.

ఇంజన్ ఆగిన పడవకు చుక్కాని కూడా ఆగినట్టేనని చాలామందికి తట్టదు. చుక్కాని పనిచేయాలంటే దాని పక్కనుంచి నీరు జారాలి. వరదలో కొట్టుకుపోయే పడవ నీటితో సమానంగా పోతుంది, నీరు దాన్ని దాటిపోదు. ఎంత తిప్పినా పడవ మళ్లదు. 2024 మార్చి 26న అమెరికాలోని బాల్టిమోర్‌లో కరెంటు పోయి, ఇంజన్ ఆగిన డాలీ అనే ఓడ వంతెన స్తంభాన్ని ఢీకొంది, వంతెన కూలి ఆరుగురు చనిపోయారు. అదే ఏడు సెప్టెంబర్ మొదట్లో కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద ఎగువ నుంచి బోట్లను మోసుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్ల మీద పడేసింది, కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. ఒకటి మహానౌక, ఇంకొకటి కట్లు తెగిన బోట్లు. నడిపించే శక్తి లేని పడవ ఎటు పోవాలో నీరే నిర్ణయిస్తుందన్నది రెంటికీ ఒకటే.

ఏటిమొగ నుంచి ఎదురుమొండి దీవికి పంటు మీద దాటేవాళ్లు, పున్నమి ఘాట్‌లో లాంచీ ఎక్కేవాళ్లు లైఫ్ జాకెట్ అడగడం ఇప్పుడిప్పుడే అలవాటు చేసుకుంటున్నారు. మంచిదే. బోటు కొనేవాళ్లకు, నడిపించేవాళ్లకు ఇంకో విన్నపం. కొనేటప్పుడు ఎన్ని హార్సుపవర్లని అడుగుతారు, మైలేజీ ఎంతని అడుగుతారు. ఫిల్టర్ ఒకటా, జంటా అని కూడా అడగండి. ఒకటే ఉంటే రెండోది పెట్టించాకే మొగ దాటండి.